వెనక పట్టేవాడు

చేపల బజారు మొదటి అంతస్తు కిటికీల దాకా మునిగిందే, ఆ వరద. అది వచ్చి వెళ్ళిన రెండో ఏడాది సంగతి ఇది. నీళ్ళు పోయాయి, బురద పోయింది, గోడల మీద చార మాత్రం ఎన్ని పూతలు పూసినా పోలేదు. ఊళ్ళో సగానికి సగం అద్దాలు పగిలిపోయాయి. అందరికీ ఏడుపు మిగిల్చిన వరద అద్దాల దుకాణం వాళ్ళకి పని మిగిల్చింది. తల గోక్కోవడానికి తీరిక లేనంత పని.

ఆ దుకాణం బావది. బావ అంటే చిన్నోడి అక్క మొగుడు. చిన్నోడికి అప్పటికి యాభై నాలుగేళ్ళు. నెత్తిన ముప్పాతిక జుట్టు తెల్లబడింది. అయినా బావ నోట్లో చిన్నోడే, బావ నోట్లోంచి విని బజారంతా చిన్నోడే.

పెద్ద అద్దం మోయాలంటే ఇద్దరు కావాలి. ముందొకడు, వెనకొకడు. ముందు పట్టేవాడు మాట్లాడతాడు, వెనక పట్టేవాడు నోరు విప్పడు. ఇద్దరూ మాట్లాడితే ఎవరి మాట వినాలో కాళ్ళకి తెలియదు, అద్దం పోతుంది. ముందువాడు "మెట్టు" అంటే మెట్టు. "ఆగు" అంటే ఆగడం. "ఎడమ" అంటే మాత్రం వెనకవాడు కుడికి జరగాలి. ముందు కొస ఎడమకి తిరగాలంటే వెనక కొస కుడికి పోవాలి కదా, అందుకు. చిన్నోడు ఇరవై ఆరేళ్ళుగా వెనక కొస పట్టుకుంటున్నాడు. ఎడమ అన్న మాట చెవిన పడితే చాలు, అతని కాళ్ళు కుడికి పోయేవి. అతన్ని అడిగేవి కూడా కావు.

మాట్లాడే పని లేక లేక చిన్నోడికి మాట తగ్గిపోయింది. లేకపోతే మొదటినుంచీ అంతేనేమో, ఎవరూ పట్టించుకోలేదు. బావ దానికీ ఒక నవ్వులాట తయారుచేశాడు. కొత్తగా వచ్చిన ఖాతాదారులకి చూపించి, "వీడు మా బామ్మర్ది. భుజాలున్నాయి, నోరు లేదు. ఈ పనికి ఇంతకంటే మంచి మనిషి దొరకడు" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. చిన్నోడూ పళ్ళు కనిపించేలా నవ్వేవాడు.

అసలు తిప్పలు బావ మోకాలితో వచ్చాయి.

వరదలో నడుము లోతు నీళ్ళలో అద్దాల చట్రాలు పైకి ఎక్కిస్తూ బావ కాలు మెలికపడింది. కుడి మోకాలు. వాపు దిగింది గానీ మోకాలు మునుపటిది కాలేదు. అద్దం పట్టుకొని మెట్లు ఎక్కుతుంటే బరువు వెనకవాడి మీద పడుతుంది, దిగుతుంటే ముందువాడి మీద పడుతుంది. దిగిన ప్రతిసారీ చిన్నోడికి అద్దంలోంచి బావ మోకాలు కనిపించేది. ప్యాంటు గుడ్డ కింద అది వణికేది. మెట్టు మీద కాలు ఆనగానే ఒకసారి, బరువు దిగాక ఇంకోసారి. ఆ మోకాలు ఒక్కసారి మడత పడిందంటే, అద్దం మొత్తం బావ మీదే.

"దిగేటప్పుడు ముందు నేను పట్టుకుంటాను బావా."

అంతే అనాలి. అయిదు మాటలు. నెల రోజులుగా చిన్నోడు ఆ అయిదు మాటలనీ నోట్లో పెట్టుకొని తిరుగుతున్నాడు. పొద్దున బండికి అద్దం ఎక్కించేటప్పుడు అందామనుకుంటాడు. అప్పటికే బావ ముందు కొస పట్టుకొని "ఏరా, నిద్రపోతున్నావా?" అంటాడు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు అందామనుకుంటాడు. బావ ఎవరితోనో ఫోనులో నవ్వుతుంటాడు. సాయంత్రం తలుపు వేసేటప్పుడు అందామనుకుంటాడు. "రేపు తొందరగా రా" అనేసి బావ వెళ్ళిపోతాడు. ముందు కొస అంటే బావకి ఉత్త కొస కాదు. ముందు పట్టినవాడే మేస్త్రీ. ఇంట్లో ఒకసారి అక్క "ఆ మోకాలితో ఇంకా మోతలేమిటి" అన్నందుకు రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు నిచ్చెనెక్కి ఇంటి కప్పు మీద పెంకులు సర్దాడు, ఎవరూ అడగకుండానే.

ఒకరోజు చిన్నోడు ధైర్యం చేశాడు. "బావా, ఆ మోకాలు..." అన్నాడు.

"నా మోకాలికేమైందిరా? నీ మోకాలు చూసుకో" అన్నాడు బావ. అని పక్కనున్న వడ్రంగివైపు తిరిగి, "చూశావా, మా వాడికి నోరొచ్చింది. ఇంక వర్షాలు పడతాయి" అన్నాడు. వడ్రంగి పొట్ట పట్టుకొని నవ్వాడు.

చిన్నోడు గోదాములోకి వెళ్ళి అద్దాలు నిలబెట్టే చెక్క చట్రాన్ని పిడికిలితో గుద్దాడు. చట్రానికి ఏమీ కాలేదు. చెయ్యి మాత్రం వంకాయలా వాచింది.

ఆ సాయంత్రం కూతురు ఆ చెయ్యి చూసింది. ఆమె ఉత్తరాలు పంచే ఉద్యోగం చేస్తుంది. తీరిక దొరికితే పరుగు పందేలకి పోతుంది. తల్లి "పొద్దంతా నడిచేది చాలక పరుగు కూడానా" అని సణిగినా మానలేదు. ఆ ఏడాది ఆమెకి తోడు పరిగెత్తేవాళ్ళెవరో చెప్పారట, ఉత్త పరుగుతో ఊపిరి పెరగదు, వారానికి రెండు రోజులు బాక్సింగ్ క్లాసుకి పో అని.

"చేతి మీద తలుపు పడిందా నాన్నా?"

"ఊఁ."

"తలుపు పడితే వేళ్ళు నలుగుతాయి. కణుపులు వాచవు. ఎవర్ని కొట్టావు?"

"చట్రాన్ని."

కూతురు నవ్వలేదు. "గురువారం నాతో రా. అక్కడ కొట్టడానికి మెత్తటివి వేలాడదీసి ఉంటాయి."

"నేనా?"

"నాకైతే పరుగుకి తోడు కసరత్తు. క్రాస్ ట్రైనింగ్ అంటారులే. నీకు మెట్లెక్కడానికి ఊపిరి వస్తుంది. భుజాలకీ మంచిది. పైగా మా పోస్టాఫీసులో అందరి మీదా వచ్చే కోపం నేను అక్కడే దింపుకొని వస్తా. అందుకే ఇంట్లో ఇంత మంచిదాన్ని."

"అబ్బో, మంచిదే" అంది వంటింట్లోంచి తల్లి.

క్లాసు టైర్ల దుకాణం మీది గదిలో. పెద్ద గది. రబ్బరు వాసన కిందినుంచి వచ్చేది, చెమట వాసన పైన కలిసేది. కప్పు దూలానికి ఆరు సంచులు గొలుసులతో వేలాడుతుండేవి. చిన్నోడు మొదట కిటికీలు చూశాడు. నాలుగు అద్దాల్లో ఒకటి లూజుగా ఉంది, గాలికి టకటకమంటోంది. ఆ పని ఎవరు చేశారో గానీ సిగ్గులేదు అనుకున్నాడు.

నేర్పేది ఒక ఆడమనిషి. నలభై ఉంటాయి. ముక్కు ఎప్పుడో ఒకసారి పక్కకి పోయి మళ్ళీ కుదురుకున్నట్టు ఉంది. అందరూ ఆమెని కోచమ్మ అనేవారు. చిన్నోడి చేతికి గుడ్డ పట్టీ చుట్టడానికి కూర్చుంది. చిటికెన వేలు మడవబోతే అది మడత పడలేదు.

"ఇదేంటి బాబాయ్?"

"గాజు."

"ఎప్పుడు?"

"పంతొమ్మిదేళ్ళయింది."

"పక్కదీ వంగట్లేదే."

"అదీ గాజే."

అద్దాల పనివాడికి పిడికిలి అలవాటు లేదు. అరచేతులు విప్పి, తోలుముక్కలు అడ్డం పెట్టి, కింది అంచుని మోయడమే పని. ఇరవై ఆరేళ్ళుగా విప్పి ఉన్న చేతిని మూయమంటే అది మూసుకోనంది. కోచమ్మ విసుక్కోకుండా ఆ రెండు వేళ్ళకీ విడిగా నాలుగు చుట్లు చుట్టి, "ఇప్పుడు చట్రాల్ని వదిలెయ్యండి" అంది. కూతురు అంతా చెప్పేసిందన్నమాట. చిన్నోడికి ఒళ్ళు మండింది.

మొదటి రోజు అడుగులు. కోచమ్మ చప్పట్లు కొట్టి "ఎడమ!" అంటే గదిలో పన్నెండు మందీ ఎడమకి జరిగారు. చిన్నోడు కుడికి జరిగాడు. పక్కనున్న బ్యాంకు గుమాస్తా మీద పడ్డాడు.

"ఎడమ, బాబాయ్!"

మళ్ళీ కుడికే.

"కుడి!"

ఎడమకి పోయాడు. ఈసారి గుమాస్తా ముందే తప్పుకున్నాడు.

రెండో క్లాసులో జోడీలు కట్టించింది. ఎదుటివాడు గుద్దు విసురుతాడు, కోచమ్మ ఏ వైపు చెబితే ఆ వైపు తల తప్పించాలి. "ఎడమ" అంది. చిన్నోడు కుడికి తప్పించి, గుమాస్తా గుద్దుకి సరిగ్గా ఎదురెళ్ళాడు. ముక్కులోంచి రక్తం వచ్చింది. గుమాస్తా భయపడి, "అయ్యో అంకుల్, నేను మెల్లిగానే వేశాను. మీరే వచ్చారు" అని ఏడుపు మొహం పెట్టాడు.

"మీకు ఎడమ కుడి తెలీదా?" అంది కోచమ్మ, ముక్కుకి దూది అందిస్తూ.

కూతురే నవ్వాపుకుంటూ చెప్పింది, అద్దం సంగతీ, వెనక పట్టే సంగతీ. కోచమ్మ ఇంకో దూది ముక్క అందించింది.

"అయితే ఇక్కడ మీ ముందు ఎవరూ లేరు బాబాయ్. మీ చేతుల్లో అద్దం లేదు. ఎడమంటే ఎడమే."

చెప్పినంత తేలిక కాదు. దుకాణంలో పొద్దున్న "ఎడమ" అంటే కుడికి పోవాలి, సాయంత్రం టైర్ల దుకాణం మీద "ఎడమ" అంటే ఎడమకి పోవాలి. చిన్నోడి కాళ్ళకి పిచ్చెక్కినట్టయింది. ఒకరోజు ఇంట్లో భార్య "కొంచెం ఎడమకి జరగండి, ఊడుస్తున్నా" అంటే ఎటు పోవాలో తెలియక కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. "ఈ వయసులో చెవుడు కూడానా" అంది ఆవిడ.

ఇంకో చిక్కు ఊపిరి. గుద్దు విసిరినప్పుడల్లా ఊపిరి వదలాలి, శబ్దం రావాలి అనేది కోచమ్మ. గదిలో అందరూ కుక్కర్లలా "హష్, హష్" అనేవారు. చిన్నోడి నోట్లోంచి చప్పుడు వచ్చేది కాదు. అద్దం మలుపు తిరిగేటప్పుడు ఊపిరి బిగపట్టడం అతనికి అలవాటు. సంచి ముందు కూడా బిగపట్టేవాడు. నాలుగు గుద్దులకి మొహం ఎర్రబడేది, అయిదో గుద్దుకి కళ్ళు తిరిగేవి.

"ఎవరి మీద కోపమో వాళ్ళని తలుచుకొని వదలండి" అంది కోచమ్మ.

చిన్నోడు బావ మోకాలిని తలుచుకున్నాడు. హష్ రాలేదు గానీ దగ్గు వచ్చింది.

ఏడో క్లాసులో వచ్చింది. అతను అనుకోలేదు, అదే వచ్చింది. "హా!" అని. అందరి కంటే పెద్దగా. గుమాస్తా ఉలిక్కిపడి తిరిగి చూశాడు. కోచమ్మ "అదీ!" అంది. కూతురు చేతి తొడుగులతో చప్పట్లు కొట్టింది, దప్ దప్ మని. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే చిన్నోడికి భుజాల మీదనుంచి ఏదో దించినట్టనిపించింది. పెరుగు గిన్నె ఖాళీ చేశాడు. హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి దుకాణానికి వెళితే బావ ముందు కొస పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఏరా, నిద్రపోతున్నావా?" అన్నాడు. దించినదంతా మళ్ళీ భుజాల మీదికి వచ్చి కూర్చుంది. మొత్తం రెండు నెలలు అదే తంతు. మంగళవారం, గురువారం సాయంత్రం దించుకోవడం, మర్నాడు పొద్దున మళ్ళీ ఎత్తుకోవడం. దీనికంటే అసలు దించుకోకపోవడమే నయమేమో అని కూడా అనిపించింది. బరువు అలవాటైనవాడికి మధ్యలో చూపించే సుఖం ఇంకా కష్టం.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం పని వచ్చింది. వరదకి అక్కడ నేలమాళిగలో ఉన్న పిల్లల గది మునిగి, అడ్డుగోడగా ఉన్న అద్దం పోయింది. ఏడడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు. కొత్తదాన్ని మెట్ల మీదుగా కిందికి దించాలి. పది మెట్లు, ఒక మలుపు, మళ్ళీ పది మెట్లు. మలుపులో ఇనుప కమ్మీ.

గ్రంథాలయం ఆవిడ తలుపు దగ్గరే వేలు పెదాల మీద పెట్టి, "ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదండీ" అంది, చిన్నోడి వైపు చూసి.

"వీడికి చెబుతారేంటమ్మా! వీడు పుట్టినప్పుడు కూడా ఏడవలేదు" అన్నాడు బావ.

మెట్ల పైన అద్దం నేలకి ఆనించి, తోలుముక్కలు సర్దుకుంటూ బావ ఒక్క క్షణం కుడి కాలి మీద బరువు వేసి చూసుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. చిన్నోడు చూశాడు. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. నోరు తెరిచాడు కూడా.

"పట్టు" అన్నాడు బావ.

చిన్నోడు పట్టాడు.

మొదటి పది మెట్లూ దిగారు. ప్రతి మెట్టుకీ అద్దంలోంచి ఆ మోకాలు వణకడం కనిపిస్తూనే ఉంది. మలుపు దగ్గర బావ "ఎడమ" అన్నాడు. చిన్నోడి కాళ్ళు కుడికి జరిగాయి, ఎప్పటిలాగే. బావ మాత్రం తిరగలేదు. తిరగబోయి, కుడి కాలు ఆనక, ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. వెనక కొస పక్కకి పోయింది, ముందు కొస కమ్మీ వైపు పోతోంది. జానెడు దూరం. బెత్తెడు.

"ఆగు!"

సంచి ముందు వచ్చిన గొంతే అది. మెట్ల గదంతా మోగింది.

ఇరవై ఆరేళ్ళలో బావ వెనకనుంచి మాట వినలేదు. ఎవరు అరిచారో చూద్దామన్నట్టు తల తిప్పాడు. తలతో పాటు భుజం తిరిగింది. అద్దం మూల కమ్మీకి తగిలింది. టిక్ మని చిన్న చప్పుడు. ఆ మూలనుంచి ఒక గీత మెల్లిగా బయల్దేరి, చూస్తుండగానే ఈ చివరిదాకా వచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాన్ని నేలకి దించారు. దించాక రెండు ముక్కలై గోడకి చేరబడింది. ఎవరికీ గీటు పడలేదు.

బావ మెట్టు మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయింది. కాసేపటికి రంగు తిరిగింది, దాంతోపాటే కోపమూ వచ్చింది.

"వెనకనుంచి మాట్లాడతారట్రా ఎవరైనా? ఇన్నేళ్ళుగా నేర్చుకుందిదేనా?"

చిన్నోడు ముక్కలు జారకుండా కింద తోలుముక్క అడ్డం పెట్టాడు.

"నువ్వు అరవకపోతే తిరిగిపోయేవాణ్ణి. అరిచి పగలగొట్టావు. చెప్పు, నువ్వేగా?"

అరవకపోతే తగిలేదా, తప్పేదా? బెత్తెడు దూరం అది. ఎవరు చెప్పగలరు? ఎన్నిసార్లు తలుచుకున్నా చిన్నోడికి తేలలేదు. పైనుంచి గ్రంథాలయం ఆవిడ తొంగిచూసి, "కొంచెం మెల్లిగా" అంది.

అది మంగళవారం. సాయంత్రం చిన్నోడు క్లాసుకి వెళ్ళాడు. గుడ్డ పట్టీ కూడా సరిగ్గా చుట్టుకోకుండా సంచి మీద పడ్డాడు. హా. హా. హా. కోచమ్మ దూరంనుంచి చూసి ఊరుకుంది. గుమాస్తా తన సంచి వదిలి అవతల మూలకి వెళ్ళిపోయాడు. అరగంటకి చిన్నోడి చొక్కా పిండితే చెంబుడు నీళ్ళొచ్చేలా తడిసింది. లోపలిది మాత్రం ఇసుమంత దిగలేదు. గుద్దిన ప్రతిసారీ సంచి అవతలికి పోయి, నోరు మెదపకుండా మళ్ళీ వచ్చి నిలబడుతోంది. పాపం, దీనిదీ వెనక పట్టే బతుకే అనుకున్నాడు. కొట్టడం ఆపేశాడు.

కూతురు వచ్చి పక్కన బల్ల మీద కూర్చుంది. "అత్త ఫోన్ చేసింది. నువ్వు అరిచి అద్దం పగలగొట్టావని మామయ్య అంటున్నాడట."

"ఊఁ."

"నిజంగా అరిచావా?"

"ఆగు అన్నాను."

కూతురు కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వు? మామయ్యని?"

"మోకాలు ఆనలేదు. కమ్మీకి తగిలేలా ఉంది." చిన్నోడు పళ్ళతో పట్టీ ముడి లాగుతూ ఆగాడు. "మూడు నెలలనుంచి చెప్దామనుకుంటున్నా. దిగేటప్పుడు ముందు నేను పట్టుకుంటానని."

"మూడు నెలల్నుంచా! మరి చెప్పలేదే?"

"ఎప్పుడు చెప్పను? పొద్దున్నే ముందు కొస పట్టుకొనుంటాడు."

"నువ్వు ముందే వెళ్ళి పట్టుకో."

చిన్నోడు తలెత్తి చూశాడు.

"మలుపులో అరిస్తే అద్దం పగలక ఏమవుతుంది నాన్నా? ఈ సంచికి రెండు నెలలుగా ఎన్నోసార్లు చెప్పావు. దీనికి మోకాలే లేదు" అంది. అని లేచి, "నీ పట్టీ ఉతకడం నా వల్ల కాదు, కంపు కొడుతోంది" అని వెళ్ళిపోయింది.

మర్నాడు చిన్నోడు ఆరింటికే దుకాణం తెరిచాడు. కొత్త పలకని బల్ల మీద పరిచి, కట్టర్‌తో ఒకే గీతలో కోశాడు. అంచులు అరగదీశాడు, తుడిచాడు, ఏడడుగులు, అయిదడుగులు మళ్ళీ కొలిచాడు. చట్రంలో నిలబెట్టి, తోలుముక్కలు అరచేతుల్లో పెట్టుకొని, ముందు కొస దగ్గర నిలబడ్డాడు. బావ ఏడున్నరకి వచ్చాడు. ప్యాంటు కింద మోకాలికి చుట్టిన పట్టీ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. చిన్నోణ్ణి చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఒరేయ్. అటు."

చిన్నోడు కదల్లేదు. "దిగేటప్పుడు ముందు నేను పట్టుకుంటాను బావా" అన్నాడు. నాలుక మీద మూడు నెలలు నానిన మాట, రుచీ పచీ లేకుండా బయటికి వచ్చింది.

"దిగేటప్పుడు కదా. ఇక్కడ మెట్లెక్కడున్నాయి?"

"ఇక్కణ్ణించే."

బావ చట్రాన్ని చూశాడు, తలుపు చూశాడు, కోసిన అంచుని వేలితో తడిమి చూశాడు. వంక దొరకలేదు. "పగిలితే నేను ఊరుకోను" అని గొణిగి వెనక కొస దగ్గరికి వెళ్ళాడు.

గ్రంథాలయం మెట్లు దిగుతుంటే బరువంతా చిన్నోడి చేతుల మీదికి వచ్చింది. ఒక్కో మెట్టుకీ ఊపిరి వదిలాడు. "మెట్టు" అన్నాడు. "మెట్టు." తన గొంతు తనకే వింతగా ఉంది. మలుపు వచ్చింది. "ఎడమ" అన్నాడు. ఒక్క క్షణం అతని కాలు కుడికి పోబోయి, ఆగి, ఎడమకే పోయింది.

వెనక బావ కూడా ఎడమకే జరిగాడు. బావ జన్మలో వెనక పట్టలేదు. అద్దం మూల కమ్మీకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ఎడమంటే నువ్వు కుడికి పోవాలి బావా."

"ఎడమంటే కుడికా? ఎవడు చెప్పాడ్రా నీకు?"

చిన్నోడి చేతులు పీకుతున్నాయి. చిటికెన వేలు మంట. అద్దం వెనకనుంచి బావ గుడ్లురిమి చూస్తున్నాడని తల తిప్పకుండానే తెలుసు. తల తిప్పలేదు. ఊపిరి మొత్తం వదిలి, మళ్ళీ నిండా తీసుకొని, కాళ్ళు సర్దుకున్నాడు.

"ఎడమ" అన్నాడు మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా.